పొట్టేలుకు కట్టే గుడ్డ

మా అక్కకు గర్భసంచి తీసినప్పటి కాగితాల్లో ఒకటి నా చేతిరాతలో ఉంది. తొమ్మిది ప్రశ్నలు, పక్కన జవాబులు, చివర ఒక వాక్యం: ‘అర్థమయ్యేలా వివరించడమైనది, అంగీకరించినది.’ దాని కింద అక్క వేలిముద్ర. జిరాక్సు నా దగ్గరే ఉంది.

రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది సంగతి ఇది. మెకానికల్ డిప్లొమా ముగించి నేను మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో చేరాను. కోత మిషన్లు నడిపే ముందు రోజూ చెక్‌లిస్టు నింపడం నా పని. బెల్టు, బేరింగు, బ్లేడు, నీళ్ల పైపు. అన్నింటికీ టిక్కు పడితేనే స్విచ్చి వేయాలి. ఆదివారం ఆదివారం దొనకొండ వైపున్న మా ఊరికి వెళ్లేవాణ్ణి. మాది గొర్రెలు కాసే ఇల్లు. నాయన, అక్క మందను తోలుకుపోయేవాళ్లు.

అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్ద. బుద్ధిమాంద్యం అని సర్టిఫికెట్టు ఉంది. ఐదు దాటితే లెక్క రాదు. కానీ సాయంత్రం మంద దొడ్డిలోకి చేరేటప్పుడు ఒక గొర్రె తగ్గితే, ఏది తగ్గిందో ముందు చెప్పేది అక్కే. ఈనిన గొర్రె పిల్లను దగ్గరికి రానివ్వకపోతే దాని పక్కన కూర్చుని, తల నిమిరి, పాలు తాగించేదీ అక్కే.

మా వైపు దీపావళి దాటాక పొట్టేలు నడుముకు గోనె గుడ్డ కడతారు. పొట్ట కింద అది అడ్డంగా వేలాడుతుంటే గొర్రెలు చూలు కట్టవు. కట్టకపోతే పిల్లలు నడి ఎండల్లో పుట్టి, తల్లులకు పాలు లేక చచ్చిపోతాయి. తొలకరి పడగానే గుడ్డ విప్పుతారు. కట్టేది నాయన. విప్పేది ఏటా అక్క. ఆ ముడి మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు.

ఆ చలికాలంలో అమ్మకు మోకాళ్లు బాగా పట్టేశాయి. నన్ను చూడగానే అదే మాట.

“నేను మంచాన పడితే దీని నెలనెలా పాట్లు ఎవురు చూస్తారు? కొండవార ఒక్కతే తిరిగే పిల్ల. ఏ ఎదవైనా ఏమన్నా చేస్తే ఎవురికి చెప్పుకుంటాం? సంచి తీపిచ్చేస్తే పీడ పోతాది.”

నిజానికి అక్క తన నెలసరి గుడ్డలు తానే ఉతుక్కుని పెరట్లో కంప మీద ఆరేసుకునేది. అది నాకు తెలుసు. అమ్మతో అనలేదు.

మార్కాపురంలో మేము వెళ్లిన ఆస్పత్రి డాక్టరమ్మ సర్టిఫికెట్టు చూసి నాతో చెప్పింది.

“మేజర్ కదా బాబూ. మీ నాన్న సంతకం పెడితే సరిపోదు. గార్డియన్ అని ఆర్డరు కావాలంటే ఒంగోలులో కలెక్టరు కమిటీ ముందుకు వెళ్లాలి. ఆమే అర్థం చేసుకుని ఒప్పుకుంటే అవేవీ అక్కర్లేదు. చదువుకున్నావు, నిదానంగా చెప్పి రాయించుకురా.”

ఆ మాట నాకు నచ్చింది. అక్కను అడగాలని అంతవరకు మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. రెండు రోజులు కూర్చుని ప్రశ్నలు తయారు చేశాను.

ఆదివారం పొద్దున అక్క దొడ్డిలో ఒక గొర్రె గిట్టలో ముల్లు తీస్తోంది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పలక మీద గర్భసంచి బొమ్మ గీసి చూపించాను. రెండు వైపులా గొట్టాలు, కొలతల ప్రకారం.

“ఇదేంది, పొట్టేలు తలకాయా?” అని నవ్వింది. “కొమ్ములు అట్ల ఉండవురా. ఇంత చదివినావు, పొట్టేలు బొమ్మ రాదు నీకు.”

బొమ్మ తుడిచేశాను. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చిందనుకున్నాను.

“పొట్టేలుకు గుడ్డ ఎందుకు కడతామక్కా?”

“ఎండల్లో పిల్లలు పుట్టకుండా.”

“ఆఁ. డాక్టరమ్మ నీకు కడుపులో అట్లాంటిదే ఒకటి చేస్తాది. ఇంక నెలసరి రాదు. పిల్లలు పుట్టరు.”

అక్క ముల్లు తీయడం ఆపింది.

“గొర్రెకు కట్టరురా. పొట్టేలుకు గదా కట్టేది.”

“నీకు కడతారు.”

“నేనేం చేసినా?”

ఆరో ప్రశ్న పక్కన ‘సంబంధం లేని జవాబు’ అని రాశాను.

“నొప్పి ఉంటాదా?” అంది.

“మత్తిస్తారు, తెలీదు.”

“ముడి బిగుతుగా ఏస్తారా?”

“ఎయ్యరు.”

అరుగు మీది నుంచి అమ్మ కేకేసింది. “ఒప్పుకో తల్లీ. తమ్ముడు నీ మంచికే చెప్తాడు.”

అక్క అమ్మ వైపు చూసింది, నా చేతిలో కాగితం వైపు చూసింది. గొర్రెను వదిలిపెట్టింది.

“సరే, కట్టమను.”

తొమ్మిది ప్రశ్నలకు ఏడు టిక్కులు వచ్చాయి. ఫ్యాక్టరీలో ఒక్క టిక్కు తక్కువైనా నేను మిషను నడపనిచ్చేవాణ్ణి కాదు. ఆ రోజు అది గుర్తు రాలేదు. డాక్టరమ్మ కాగితం పైనుంచి కిందికి చూసి, “చక్కగా రాశావు బాబూ” అంది. నాకు సంతోషమేసింది.

మాఘంలో ఆపరేషన్ అయింది. నెల తిరిగేసరికి అక్క మళ్లీ మంద వెంట పోయింది. అమ్మకు బెంగ తీరింది. పాత గుడ్డలు పారేయమంటే మాత్రం అక్క వినలేదు. ఉతికి, మడిచి, తన రేకు పెట్టెలో అడుగున దాచుకుంది. అలవాటు పోక అనుకున్నాను.

తొలకరి పడిన ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. అక్క పొట్టేలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముడులు ఒక్కొక్కటే విప్పింది. అది ఒక్క దూకు దూకి మందలోకి పోయింది. గోనె గుడ్డ దులిపి, మడిచి, చూరులో పెట్టింది. చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చి, పైట పక్కకు జరిపి, పొత్తికడుపు మీది కుట్ల మచ్చ చూపించింది.

“నాది ఎప్పుడు ఇప్పుతారురా?”

నాయన తల తిప్పుకుని గొర్రెల్ని అదిలించాడు. తీసేసినదానికి విప్పడం ఉండదని నా తొమ్మిది ప్రశ్నల్లో ఎక్కడా లేదు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

“డాక్టరమ్మను అడుగుతా” అన్నాను.

మరుసటి తొలకరికీ అడిగింది. ఈసారి పైట జరపలేదు, ఊరికే నా ముఖంలోకి చూస్తూ అడిగింది. అప్పుడూ అదే జవాబు చెప్పాను. ఆ పై ఏడాది వానలు పడి నాలుగు రోజులైనా పొట్టేలుకు గుడ్డ అట్లాగే ఉంది. నాయన రెండు సార్లు పిలిచాడు. అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు. చివరికి ముడి ఆయనే విప్పాడు.