నాయిన పత్యం

ఆలుగడ్డ ఉండలు చేయడం నాకు నేర్పింది మా నాయిన. మేడ్చల్ స్టేషన్ ముందు ఆటో నడిపేవాడు. వాన పడి బేరాల్లేని రోజున ఆలుగడ్డలు తెచ్చి తానే ఉడకబెట్టేవాడు. మెదిపిన ముద్దను అరచేతిలో గుంత చేసి, పల్లీల పొడి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కూరి మూసి, బియ్యప్పిండిలో దొర్లించి కాగే నూనెలో వేసేవాడు. చల్లారేదాకా ఆగే ఓపిక ఆయనకు లేదు. నోరు కాల్చుకుంటూనే తినేవాడు.

గుండెకు స్టెంట్ వేశాక డాక్టర్ నూనె వద్దన్నాడు. నేను పట్టిన పట్టు విడిచే మనిషిని కాను. బాణలి తీసి సజ్జ మీద పడేశాను. ఉండల్ని ఇడ్లీ పాత్రలో ఆవిరికి ఉడికిస్తే జిగురు ముద్దలయ్యాయి. పక్కింటివాళ్ల ఓవెన్‌లో పెడితే పగిలి లోపలిదంతా బయటికొచ్చింది. చివరికి పొంగనాల పెనంలో, గుంతకు రెండు చుక్కల నూనెతో కుదిరాయి. ఏదో గెలిచినట్టు సంబరపడ్డాను.

"గివిటికన్న మందుగోలీలే నయం బిడ్డా," అనేవాడు నాయిన. సణుగుతూనే తినేవాడు. ఒక సాయంత్రం మాత్రం నవ్వకుండా అడిగాడు.

"ఒక్కటంటే ఒక్కటి నూనెల ఏసియ్యరాదు?"

"నువ్వు బతకాలె గద నాయినా!" అని కసిరాను.

మర్నాడు ఆటోలోనే కూలిపోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టడం మా ఇళ్లలో ఆచారం. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, శ్మశానంలో విస్తరేసి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తాం. ఏడుస్తూనే ఉండలు చేసి తీసుకెళ్లాను. కాకి వచ్చింది. అన్నం ముట్టింది, మాంసం ముక్క ఎత్తుకుపోయింది. ఉండల జోలికి పోలేదు. నాయిన అక్క, దేవరయాంజాల్ అత్త, వంగి విస్తట్లోకి చూసింది.

"గివి పొంగనాల పెనం మీద జేసినవా? సచ్చినంక గూడ పత్యమేనా నా తమ్మునికి?"

అప్పటిదాకా నాకు తెలియనే లేదు. అలవాటుగా ఆ పెనమే పొయ్యి మీద పెట్టాను.

ఇంటికొచ్చి తల మీద నీళ్లు పోసుకుని బాణలి దించాను. మిగిలిన ముద్దంతా నూనెలో ఎర్రగా వేయించాను. గిన్నె పట్టుకుని మళ్లీ బయల్దేరుతుంటే అత్త గడపలో ఆపింది.

"పిట్ట ఒకపారి ముట్టినంక మల్ల పెట్టరు బిడ్డా."

నాయిన ఎలాగూ పోయేవాడే. ఒక్కటి తిని పోయేవాడు.