చాచాకు నా చేతి పప్పు

గల్ఫ్‌లో, బనియాస్ కూలీల క్యాంపులో నా పక్క మంచం ఒక జార్ఖండ్ పెద్దాయనది. అందరం చాచా అనేవాళ్లం. ఏళ్ల తరబడి మా తెలంగాణవాళ్ల మధ్య ఉండి మా మాటే పట్టుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, పెట్టె మూత లోపల అంటించుకున్న మూడురంగుల జెండాకు దండం పెట్టేవాడు.

"ఏం చాచా, నీకు రోజూ పంద్రాగస్టేనా?" అని ఏడిపించేవాణ్ని.

"నవ్వుకో బిడ్డా. మా తాతల భూములు పోయింది దీనికోసమే."

వాళ్లు టానా భగత్‌లు. తెల్లదొరల కాలంలో ఆ గిరిజనులు దయ్యాలకు బలులు మానేసి, మాంసం, సారా వదిలేసి, ఒక్క దేవుణ్నే నమ్ముకున్నారట. ఆ భక్తితోనే స్వాతంత్ర్య పోరాటంలో కలిసి, సర్కారుకు శిస్తు కట్టబోమని భూములు పోగొట్టుకున్నారట. తమవాళ్లు వండిందే తినాలన్న నియమం చాచా ఇప్పటికీ తప్పడు. క్యాంపు వంటగదిలో తన గిన్నె, తన పొయ్యి. నాకేమో కోడికూర లేనిదే ముద్ద దిగదు.

కరోనా సద్దుమణిగాక ఒకరోజు సైటులో జారిపడి చాచా కుడిచెయ్యి విరిగింది. సిమెంటు కట్టు వేశారు. మెస్ అన్నం ముట్టడు. ఖర్జూరాలు, అరటిపళ్లు, పాలతోనే నెట్టుకొస్తున్నాడు. మనిషి వడలిపోతుంటే నాకు భయమేసింది, ఒళ్లు మండింది కూడా.

"గిట్లయితే సచ్చిపోతవ్ చాచా! నేను వండుత. కోడి, మందు రెండూ బంద్ జేసి మీవాని లెక్కనే ఉంట. తింటవా?"

"నీతోని కాదు బిడ్డా."

ఆ మాటకు నాకు పౌరుషం వచ్చింది. కొత్త గిన్నెలు కొన్నాను. స్నానం చేసి, పప్పన్నం వండి ముందు పెట్టాను. కంచం వైపు చాలాసేపు చూశాడు. చివరికి ఎడమచేత్తో చెంచా అందుకుని తిన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కట్టు విప్పేదాకా నేనే వండాను. కొత్త భగత్ వచ్చాడని గదిలోవాళ్లు ఒకటే ఎగతాళి. పక్క గదిలోంచి బిర్యానీ వాసన వస్తే నోరు కట్టుకుని బయటికి పోయేవాణ్ని.

కట్టు విప్పిన రోజు, "ఖలాస్ చాచా, ఇగ నీ వంట నువ్వే. నేను కోడి తినవోతున్న," అన్నాను.

చాచా పప్పు వండాడు. రుచి చూసి గరిటె నా చేతికిచ్చాడు.

"నీదే మంచిగుంటది. రేపు గూడ నువ్వే వండు."

తమవాళ్లు వండిందే తినే మనిషి, చెయ్యి బాగయ్యాక కూడా నా వంటే అడిగాడు. ఆ సాయంత్రం నేను కోడికి వెళ్లలేదు.