ఆలీ దిబ్బల్లో దొర వదిలేసిన గొయ్యి

ఎనభైల నడుమ బహ్రెయిన్‌లో ఒక రోడ్డు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. ఆలీ ఊరికి ఎవరైనా కుండలు కొనడానికో, వేల ఏళ్ల నాటి సమాధుల దిబ్బలు చూడటానికో వెళ్తారు. నేను వెళ్లింది భయంతో. శనివారం పొద్దున ఆరింటికి కొత్త రోడ్డుకు నేల చదును చేస్తూ మా రాజన్న డోజరు ఆ దిబ్బల మీదుగా వెళ్లాలి. వాటిలో ఒకదాన్ని విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు కెప్టెన్ ఒకాయన సగం తవ్వాడు. లోపలి రాళ్లు కదులుతున్నాయని ఆపేసి, గొయ్యి నోటికి చెక్కలు కప్పి, ఇసుక పోయించి వెళ్లిపోయాడు. ఆయన రిపోర్టు చూసి, ఆ దిబ్బ మా రోడ్డుకు పాతిక మీటర్ల అవతల ఉందని గీసి సంతకం పెట్టింది నేనే. అప్పటినుంచి అన్నం సయించలేదు. నా లెక్క తప్పితే రాజన్న డోజరుతో సహా ఆ గోతిలో పడడూ?

రాజన్నది జగిత్యాల వైపు. మనామా పట్నంలో గుదైబియా పేటలో నా గదిలోనే ఉండేవాడు. శుక్రవారం ఏడింటికి లేపితే, "సెలవునాడు గూడ డ్యూటీయేనా సారూ?" అని గొణుగుతూనే ఇనుప ఊచ, సుత్తి, తాడు భుజానేసుకున్నాడు. కంపెనీ దిక్సూచి, టేపు నేను అడగకుండా తెచ్చాను. మనామాలో మనిషికి నూరు ఫిల్సులిచ్చి పికప్ ఎక్కాం. అరగంట ప్రయాణం. పఠాన్ డ్రైవరు మా సామాన్ చూసి, "ఖజానా తవ్వుతారా భాయ్?" అన్నాడు. రాజన్న నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

దారిలో రిపోర్టు కాపీని, దానితో ఉన్న దొర సర్వీసు కాగితాలను మళ్లీ తిరగేశాను. ఆ దొర ఇరవై ఏళ్లకే మద్రాసు సైన్యంలో ఇంజనీరుగా చేరాడు. ఎక్కడికి పంపినా గాలి, ఎండ, సముద్రపు పోటు కొలిచి రాసుకునేవాడు. పటాలం పని కన్నా గాజుగొట్టాల మీదే ధ్యాసని పైవాళ్లు విసుక్కుని రెండుసార్లు ప్రమోషన్ ఆపారట. గోదావరి జిల్లాలో కాలవ తవ్విస్తుంటే గట్టు విరిగి ఇద్దరు కూలీలు పోయారు. తప్పు నాదేనని తానే రాసుకున్నాడు. తర్వాత గల్ఫుకు వేశారు. ఈ దిబ్బలో ఏదైనా దొరికితే పేరొస్తుందని తెలిసీ మూడోరోజే పని ఆపించాడు.

ఎనిమిదిన్నరకు ఆయన చెప్పిన పాత బావి దగ్గర నిలబడి, ఆయన రాసిన దిక్కులో దిక్సూచి పట్టుకుని తొమ్మిది వందల అడుగులు వేశాం. ఎదురైన దిబ్బలో రాజన్న ఊచ దిగ్గొట్టాడు. ఎక్కడ కొట్టినా గట్టి నేలే.

"ఏం లేదు సారూ. ఖలాస్. పోదాం పాండ్రి."

నేను కదల్లేదు. ఇది కాకపోతే అసలు గొయ్యి ఎక్కడుంది? రిపోర్టు కాపీని ఎండకు పట్టుకుని చూస్తే, అంచున చీమల బారులాంటి చేతిరాత కనిపించింది. ఆ రోజు మధ్యాహ్నపు నీడతో పోల్చి, దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి ఎంత పక్కకు తిరిగి ఉందో దొర రాసిపెట్టాడు. ముల్లు చూపే దిక్కు ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతుందని డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు మొదటి ఏడాదే చదువుకున్నాను. అయినా వందేళ్ల నాటి కొలతను నేటి ముల్లుతో పట్టుకుని గీశాను.

ఊచను నిటారుగా పాతి నీడ కొసలు గుర్తు పెడుతూ కూర్చున్నాం. అక్కడ నీడ బాగా పొట్టిదయ్యేది పన్నెండుకు కాదు, పదకొండు నలభై ప్రాంతంలో. ఆ పొట్టి నీడ చూపేదే అసలు ఉత్తరం. లెక్క సరిచేసి మళ్లీ నడిస్తే పక్క దిబ్బకు చేరాం. దాని నడినెత్తిన మా రోడ్డు దారికి గుర్తుగా కొట్టిన మేకు ఉంది.

నడుముకు తాడు కట్టుకుని, కొస రాజన్న చేతికిచ్చి, పొట్ట మీద పాకాను. నాలుగో దెబ్బకు ఊచ చేతిలోంచి జారి లోపలికి పోయింది. కాసేపటికి కింద ఎక్కడో రాయికి తగిలిన చప్పుడైంది.

"దిగుండ్రి సారూ, దిగుండ్రి!" రాజన్న తాడు లాగేస్తున్నాడు.

శనివారం పొద్దున ఇంజనీరు గారికి డ్రాయింగ్ చూపించాను.

"ఈ సంతకం నీదేనా?"

"నాదేనండి. తప్పు గీశాను."

కంపెనీ దిక్సూచి ఎవరిచ్చారని అరిచాడు, ఉద్యోగం పోతుందన్నాడు. కానీ డోజరు ఆపించాడు. తవ్వే యంత్రాన్ని దూరంగా నిలిపి, దాని చెయ్యి చాపి దిబ్బ నెత్తిన ఒక్కటి వేయించాడు. నెత్తి మొత్తం లోపలికి కుంగిపోయి దుమ్ము లేచింది. రాజన్న డోజరు దిగి నా పక్కకు వచ్చాడు.

"ఆ దొర పిల్లలు యాడనన్న ఉన్నరా సారూ?"

"తెలీదు రాజన్నా. కాగితాల్లో లేదు."

నాకు ఒక నెల జీతం కోసి వదిలేశారు. చిన్న శిక్షే. తప్పు నాదేనని చెప్పడానికి నాకు ఆ దొర కాగితాలే ధైర్యమిచ్చాయి. మీరు ఆలీ వెళ్తే పొద్దున్నే వెళ్లండి, దిబ్బల చుట్టూ ఎంతసేపైనా తిరగండి, పైకి మాత్రం ఎక్కకండి. ఆ తవ్వకం వల్ల ఏ ఫలితమూ లేదని దొర పైవాళ్లు రిపోర్టు చివర రాశారు. రాజన్న ఇంకో పదకొండేళ్లు అక్కడే డోజరు నడిపి, తన కాళ్లతో తాను నడుచుకుంటూ ఇంటికి పోయాడు.