చికిత్స చేసినవారి పేరు

1944 ఎండాకాలంలో నన్ను నాగర్‌కర్నూలు పశువుల దవాఖానలో నకలు గుమాస్తాగా వేశారు. హంగామీ ఉద్యోగం, అంటే తాత్కాలికం. చేరిన మూడో నెలలో నా డైరీ చివరి పేజీలో ఒక పట్టిక గీసుకున్నాను. పశువైద్యం చదవడానికి నాకు సీటు వచ్చే అవకాశం ఎంత అన్నది అందులో విషయం. ఆ పట్టిక సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు చెబితే నవ్వుతారనుకున్నాను. ఆ తర్వాత చెప్పడానికి వేరే సిగ్గు అడ్డొచ్చింది.

ఆ రోజుల్లో మా వైపు నుంచి ఆ చదువుకు వెళ్లాలంటే దవాఖాన డాక్టరు సిఫారసు రాయాలి. జిల్లా నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసి సంతకం పెడితేనే కాగితం పైకి కదిలేది. అభ్యర్థి మెట్రిక్ పాసై ఉండాలి. కనీసం యాభై పశువులకు తన చేత్తో చికిత్స చేసినట్టు దవాఖాన రిజిస్టరులో కనబడాలి; ఈ చివరి సంగతి మాత్రం నాకు తనిఖీ రోజునే తెలిసింది.

నా పట్టికలో అయిదు వరుసలు ఉన్నాయి. చదువు: హైదరాబాదులో మేనత్త ఇంట్లో ఉండి మెట్రిక్ పాసయ్యాను, పరవాలేదు. ఇంగ్లీషు: చదవగలను, మాట్లాడలేను. బలం: ఎద్దును పడగొట్టి కట్టేయడం నా వల్ల కాదు. ఆడపిల్ల కావడం: ఈ వరుసలో ఏమీ రాయలేదు. అంతకుముందు ఒక ఆడపిల్ల ఆ చదువుకు వెళ్లినట్టు మా దవాఖానలో ఎవరూ వినలేదు. అయిదోది అనుభవం. దాని ఎదురుగా మాత్రం ధైర్యంగా ‘పూర్తిగా ఉంది’ అని రాసుకున్నాను.

గుమాస్తాకు అనుభవం ఎక్కడిదంటే, దానికి కారణం ఒక మేక. మా డాక్టర్ సాబ్ నెలలో సగం రోజులు టీకాల పని మీద ఊళ్ల వెంట దౌరాలో ఉండేవారు. దవాఖానలో డ్రెసర్ బాలయ్య, నేను మిగిలేవాళ్లం. కట్లు కట్టడం, పుండ్లు కడగడం, మందు తాగించడం డ్రెసర్ పని. బాలయ్యకు చదువు రాదు. కానీ పశువు నిలబడ్డ తీరు చూసి జబ్బు చెప్పేవాడు.

నేను చేరిన కొత్తలోనే ఒక అంగడి రోజు బల్మూరు లచ్చమ్మ అనే ఆవిడ అమ్మడానికి తెచ్చిన మేకకు బజారులోనే నొప్పులు మొదలయ్యాయి. పిల్ల అడ్డం తిరిగింది. దవాఖానకు ఎత్తుకొచ్చింది కానీ, బాలయ్య చేయి చూసి మేకకు అడ్డంగా నిలబడింది.

“ఏందయ్యా ఆ చెయ్యి, రోకలి లెక్కుంది. పెట్టినవంటె నా మేక పోతది.”

“నాది గాకుంటె ఎవలది పెట్టాలె? తాసిల్దారును పిలుస్తవా?” అన్నాడు బాలయ్య.

ఆవిడ కిటికీలోంచి నన్ను చూసింది. “ఓ రాతపిల్లా, నీ చేతులు సన్నగున్నయి. జర లేసి రా.”

నేను కదల్లేదు. బాలయ్యే వచ్చి నా కలం తీసి పక్కన పెట్టాడు. చేతులు క్రిములు చంపే పొటాషు నీళ్లతో కడిగించి, ఆముదం రాయించాడు. “కాలు దొరికిందని గుంజకు బిడ్డా. తల యాడుందో ముందు ఎతుకు,” అన్నాడు. తల వెనక్కి మడిచి ఉంది. అరగంట పట్టింది. పిల్ల బతికింది, దాని వెనకే ఇంకొకటి వచ్చింది.

ఆ తర్వాత మేకలూ గొర్రెలూ వస్తే నన్నే పిలిచేవారు. కుట్లు వేయడం కూడా నాకే వదిలేశాడు బాలయ్య. గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. తెగిన పోగును ముడి పైకి తేలకుండా అతకడం చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే. తోలు మీద అదే పని కొంచెం గట్టిగా చేయాలి, అంతే.

సాయంత్రం రిజిస్టరు నింపడం నా వంతు. పశువు, యజమాని, ఊరు, జబ్బు, మందు, చివర ‘చికిత్స చేసినవారు’ అనే గడి. అందులో నేను చేసినవాటికి కూడా బాలయ్య పేరే రాశాను. రాయమని ఎవరూ అనలేదు. మా ఇంట్లో అమ్మ పడుగు అతికేది, కండెలు చుట్టేది, నాన్న నేసేవాడు. చీర బజారుకు వెళ్లాక అది నాన్న చీర. ఇంకొక రకంగా ఉంటుందని నాకు తట్టనే లేదు. రాయడం పూర్తయ్యాక నేను చూపిన చోట బాలయ్య వేలిముద్ర వేసేవాడు.

చలికాలంలో డాక్టర్ సాబ్ తనంతట తానే నా పేరు సిఫారసు చేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చి రిజిస్టరు ముందేసుకుని పేజీలు తిప్పారు. నా పేరు ఒక్క గడిలోనూ లేదు. ఆ పనులన్నీ అమ్మాయే చేసిందని డాక్టర్ సాబ్ చెప్పారు. అయితే ఈ వేలిముద్రలన్నీ అబద్ధమా, అని ఇన్‌స్పెక్టరు అడిగారు. తప్పుడు రికార్డుకు శిక్ష బర్తరఫ్. వేలిముద్ర బాలయ్యది కాబట్టి నౌకరీ పోయేది అతనికే.

గుమ్మం దగ్గర నిలబడిన బాలయ్య లోపలికి వచ్చాడు. “సాబ్, గవన్ని నేను జేసినయి గావు. ఈ బిడ్డ జేసినవే.”

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, నువ్వు చెప్పు, అన్నారు.

చెప్పవలసింది ఒక్క మాట. రాసింది నేను, అతనికి చదవడం రాదు, పొరపాటు నాది. ఆ మాటతో బాలయ్య మీదికి నింద రాకపోయేది, నాకు సంతకం దొరికేది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. చివరికి ఇన్‌స్పెక్టరు, డ్రెసర్ ఏదో అభిమానం కొద్దీ అంటున్నాడని తేల్చి పుస్తకం మూసేశారు. ‘అనుభవం రుజువు కాలేదు’ అన్న రాతతో నా దరఖాస్తు తిరిగొచ్చింది.

నేను నోరు విప్పకుండా బాలయ్య నౌకరీ నిలబెట్టానని దవాఖానలో అందరూ మెచ్చుకున్నారు. డాక్టర్ సాబ్ కూడా అలాగే అనుకున్నారు. నేను కాదనలేదు. నిజానికి ఆ క్షణంలో బాలయ్య నా తలపులోనే లేడు. జవాబు చెప్పడం చేతకాలేదు, అంతే.

మరునాడు ఒక బర్రెకు పుండు కడిగి, ఆ గడిలో మొదటిసారి నా పేరు రాశాను. దొంగతనం చేసినట్టు అనిపించి సిరా ఆరకముందే పుస్తకం మూసేస్తే ఎదుటి పేజీకి మరక అంటింది. తర్వాతి ఏడాది తనిఖీ నాటికి యాభైకి పైనే నా పేరున ఉన్నాయి. ఈసారి వచ్చిన ఇన్‌స్పెక్టరు వేరొకరు. నన్ను ఏమీ అడగకుండానే సంతకం పెట్టారు. సీటు వచ్చింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ దవాఖానకు బదిలీ అయినా ముందు ఆ గడి తిరగేసేదాన్ని. పని ఒకరిది, పేరు ఒకరిది అయితే రికార్డు చెడుతుంది. అడిగినప్పుడు చెప్పనివాడి అనుభవం లెక్కలోకి రాదు. నేను నేర్చుకున్నది ఇంతవరకే. నా పట్టికలో ఉండవలసిన ఆరో వరుస, అడిగితే జవాబు చెప్పగలనా అన్నది, అసలు గీసుకోనే లేదు.

ప్రయాణం రోజున బాలయ్య నా ట్రంకుపెట్టె మోసుకుని బస్సు దాకా వచ్చాడు. నేను చదువు ముగించి తిరిగొచ్చేసరికి అతను లేడు. బొగ్గుతో నడిచే ఆ బస్సు కదలడానికి ముందు కిటికీ దగ్గరకు వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు:

“అందరు నన్ను కాపాడినవంటరు. కాదు బిడ్డా, నువ్వు భయపడ్డవు. నేను జూసిన. ఆడ ఎవలన్న అడిగితె మొకం జూసి చెప్పు. తప్పైనా సరే, చెప్పు.”