నా ఈత చూసి గోదావరి నవ్వింది

గోదావరిలో నేను ఒకసారి చనిపోయాను. పూర్తిగా కాదు, ముక్కాలు వంతు. మిగిలిన పావు వంతే ఇప్పుడు ఈ కథ రాస్తున్నది.

తప్పు నాది కాదు, తెలుగు భాషది. నీళ్ళలో చేసేదీ ఈతే, చెట్టుకు లొట్టి, అదే కల్లుకుండ, కట్టి దించేదీ ఈతే. ఒకటి తేలుస్తుంది, ఒకటి తేల్చేస్తుంది.

మాది పాలకుర్తి పక్క ఊరు. మా బావిలో దూకితే నీళ్ళకంటే ముందు నేల తగులుతుంది. అందుకని నీళ్ళ ఈత నాకు రాలేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు రెండో ఈత మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాను. ఏడాది వృథా కాలేదనే నా అభిప్రాయం.

పెళ్ళయిన నెలకు అత్తగారింటికి వెళ్ళాను. వాళ్ళది కాళేశ్వరం దగ్గర, గోదావరి ఒడ్డు. నా భార్య సరోజన నడక కంటే ముందు ఈత నేర్చిందని వాళ్ళమ్మ చెబుతుంది. ఆ సాయంత్రం మామ, నేను వాకిట్లో మంచం మీద కూర్చున్నాం. గోడ వారగా ఒక లొట్టి ఉంది. మామ మెల్లగా అడిగాడు.

“అల్లుడూ, ఈత అలవాటున్నదా?”

నేను లొట్టి వంక చూశాను. కొత్త మామకు మొదటి రోజే అబద్ధం చెప్పడం ఎందుకు?

“ఉన్నది మామా. కాలేజీలు బందైన కాడికెల్లి.”

“ఎవలు నేర్పిండ్రు?”

“మా నాయిననే.”

“గట్లుండాలె తండ్రంటే! పొద్దుగాలనా, పొద్దుమీకినంకనా?”

“పొద్దుగాలనే మంచిది మామా. ఒంటికి చలువ.”

“అలుపు రాదా?”

“అలుపేంది మామా? జర ఎక్కువైతే తేలిపోతం, గంతే.”

“తేలాలె గదా అల్లుడూ! తేలకుంటె మునుగుడే!”

ఇద్దరం పకపకా నవ్వుకున్నాం. ఇంత సరదా మామ ఎవరికి దొరుకుతాడు! లొట్టి మాత్రం గోడ దగ్గరి నుంచి కదల్లేదు. రేపటికి దాచాడేమో అనుకున్నాను.

తెల్లారి కొత్త జంటను పడవ మీద సంగమం దాకా తిప్పి తేవాలని ఏర్పాటు. రేవుకు వెళ్తే అక్కడ మా సడ్డకుడు, అంటే సరోజన అక్క మొగుడు, ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ అందరి చెప్పులు. ఆయనకు ఈత రాదు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆ ఇంట్లో ఆయన పేరు “చెప్పుల అల్లుడే”. అందరూ నీళ్ళలో దిగుతారు, ఆయన చెప్పులు కాస్తాడు.

మామ పడవ నడిపే మల్లయ్య తాతతో గట్టిగా అన్నాడు: “మల్లయ్యా, చిన్నల్లుని గురించి రంది పెట్టుకోకు. ఈతల మొనగాడు. నాయిన నేర్పిండట!”

రాత్రి మాటలన్నీ ఒక్కొక్కటే వరుసగా నా చెవుల్లోకి తిరిగి వచ్చాయి. అప్పుడే “రాదు మామా” అని ఉంటే అయిపోయేది. కానీ సరోజన నా వంక చూసింది. పెళ్ళి పీటల మీద కూడా అంత గౌరవంగా చూడలేదు. సడ్డకుడు నా చెప్పులకు చెయ్యి చాపాడు. చెప్పులిచ్చి, గజఈతగాడిలా ఒళ్ళు విరుచుకుని పడవ ఎక్కాను.

పోవడం బాగానే పోయాం. మల్లయ్య తాత వెదురు గడతో పొడుస్తుంటే పడవ సాగింది. సంగమం దగ్గర ఇసుకలో కూర్చుని సర్వపిండి, కోడికూర తిన్నాం. తాత తన లొట్టి తీశాడు.

“జర ఈత తాగుతరా పటేలా?”

ఇంత స్పష్టంగా మామ అడిగి ఉంటే ఎంత బాగుండేది! లొట్టి ఖాళీ అయింది. నా భయం కూడా ఖాళీ అయింది. తిరిగి వచ్చేటప్పుడు రేవు కనబడగానే లేచి నిలబడ్డాను.

“తాతా, గడ ఇటియ్యి.”

“వద్దు పటేలా, ఈడ కింద ఒండ్రు. గడ దిగవడితె రాదు.”

“ఇయ్యి తాతా, ఆయనకు అన్నీ వస్తయి,” అంది సరోజన. భార్య నమ్మకం కంటే లోతైన గుండం గోదావరిలో లేదు.

బలమంతా పెట్టి పొడిచాను. గడ ఒండ్రులో దిగబడింది. పడవ ముందుకు వెళ్ళింది. గడను వదలాలా, పడవను వదలాలా అనే విషయంలో నేను కాస్త ఎక్కువసేపు ఆలోచించాను. నిర్ణయం పడవే తీసుకుంది. నేను గడకు వేలాడుతూ మిగిలాను, గుంజకు కట్టిన కోడిలా.

“దుంకుండ్రి! ఈదుకుంట రాండ్రి!” అని సరోజన అరిచింది.

“ఆగు బిడ్డా,” అన్నాడు తాత మెచ్చుకోలుగా. “పటేల ఏందో ఇకమతు జేస్తుండు.”

గడ మర్యాదగా, తొందర లేకుండా వంగి నన్ను నీళ్ళకు అప్పజెప్పింది.

“మీకు ఈత వస్తదంటిరి గద!”

“వస్తది...” బుడుంగున మునిగి లేచాను. “చెట్టుది!”

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. తరువాతి క్షణం ఖాళీ లొట్టి నా ముందు ధబ్బున పడింది. దాని వెనకే ఆమె దూకింది.

“మూతి కిందికి వెట్టి కావలించుకో! ఇడిసినవంటె పోతవ్!”

నీళ్ళలో “మీరు” కొట్టుకుపోయి “నువ్వు” మిగిలిందని గమనించండి. ఆ “మీరు” ఇప్పటికీ దొరకలేదు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే చాలంటారు. నాకు లొట్టి దొరికింది. ఆమె వెనక నుంచి నెడుతూ ఈదుకుంటూ నన్ను రేవుకు చేర్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు గానీ, మల్లయ్య తాత తెడ్డేసుకుంటూ దర్జాగా పడవలోనే వచ్చాడు. బోడి అయింది అల్లుడే.

“ఏమైంది బిడ్డా?” మామ పరుగెత్తుకొచ్చాడు.

సరోజన కొంగు పిండుకుంటూ, నా చేతుల్లోని లొట్టిని వేలితో టంగుమని కొట్టింది.

“ఏం కాలే బాపూ. నీ అల్లుడు ఈత మీదనే వచ్చిండు.”

మామ లొట్టిని చూశాడు. నన్ను చూశాడు. “పొద్దుగాల... చలువ... తేలిపోతం...” అని గొణుక్కున్నాడు. ఆపైన నేల మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

సడ్డకుడు మాత్రం నవ్వలేదు. ఆరేళ్ళ ఒంటరితనం తీరినవాడిలా, బండ మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.

అక్కడే కూర్చుని, తడి బట్టలతో, గోదావరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరు ఈత మాట ఎత్తినా, నీళ్ళదా చెట్టుదా అని తేల్చుకోనిదే నోరు తెరవను. నీళ్ళదైతే రాదని చెబుతాను. చెట్టుదైతే, తాగాక గడ ముట్టనని చెబుతాను.

ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు. రేవులో ఒక్క చెప్పు కూడా పోలేదు.