టికెట్లు కాకుండా బండి కదలదు

2024 ఎండాకాలం. నాచారంలో మా డే కేర్ సెంటర్ తెరిచి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. డే కేర్ అంటే వృద్ధాశ్రమం అనుకుంటారు చాలామంది. కాదు. పొద్దున వ్యాను వెళ్లి పెద్దవాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకొస్తుంది, సాయంత్రం మళ్లీ దింపుతుంది. మధ్యలో కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు, క్యారమ్స్, భోజనం, ఒక కునుకు, కావలసినన్ని తగవులు. నేను అక్కడ కోఆర్డినేటర్‌ని. అంటే బీపీ చూడడం దగ్గర్నుంచి టీవీలో ఏ చానెల్ పెట్టాలో తేల్చడం దాకా అన్నీ నా నెత్తినే.

యాదమ్మగారిని ఆమె కూతురు స్వరూప తీసుకొచ్చింది. ఇల్లు పీర్జాదిగూడలో. తల్లి సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత కొన్నాళ్లకే డిమెన్షియా మొదలైంది. అది మామూలు మతిమరుపు కాదు, మనుషుల్నీ రోజుల్నీ కలిపేసుకునే జబ్బు. స్వరూప ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. భర్త లేడు, ఆమె జీతమే ఇల్లు నడపాలి.

"అమ్మను ఇంట్ల పెట్టి తాళమేసి పోతున్న మేడం," అంది మొదటి రోజే, చూపు తిప్పుకోకుండా. "తప్పని ఎర్కే. మీరు తీస్కోకుంటే నేను నౌకరన్న ఇడిసిపెట్టాలె, తాళమన్న వెయ్యాలె."

నాకు సూటిగా మాట్లాడేవాళ్లంటే ఇష్టం. అక్కడికక్కడే చేర్చుకున్నాను.

సెంటర్లో ఆమెతో ఏ ఇబ్బందీ లేదు. పెట్టింది తినేది, పాటలు పెడితే చప్పట్లు కొట్టేది. చిక్కంతా వ్యానులోనే. బండి కదిలిందంటే చాలు, లేచి నిలబడేది. సీట్లు పట్టుకుని వెనక్కి నడిచేది. కూర్చోమంటే కోపం, చెయ్యి పట్టుకుంటే ఏడుపు. బెల్టు పెడితే విప్పుకునేది. సాయంత్రం పూట ఇలాంటి రోగులకు కలవరం ఎక్కువవుతుంది, దాన్ని సన్‌డౌనింగ్ అంటారు. ఇదీ అదేనేమో అనుకున్నాను కానీ పొద్దున కూడా అదే వరస.

మా డ్రైవర్ శంకర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. అందరూ ఎక్కగానే, ఆమె లేచేలోపే బండి ఉరికించడం. దాంతో ఆమె ఇంకా గాభరాగా లేవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సడన్ బ్రేకు పడి, సీటు అంచుకు గుద్దుకుంది. మోచెయ్యి గీరుకుపోయింది.

సెంటర్ నడిపే ట్రస్టు పెద్దాయన నన్ను పిలిచారు. ఈసారి తుంటి విరిగితే ఎవరు జవాబు చెప్తారని అడిగారు. వారం చూసి, కుదరకపోతే ఇక తీసుకోలేమని కూతురికి చెప్పెయ్యమన్నారు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే. తప్పుంటే పోట్లాడి ఉండేదాన్ని.

మర్నాటి నుంచి నేనే వ్యానులో యాదమ్మగారి పక్కన కూర్చున్నాను. ఆ సాయంత్రం బండి కదలగానే ఆమె లేచింది. ఈసారి ఆపకుండా, పడిపోకుండా మాత్రం వెనకాల నడిచాను. ఆమె ఊరికే తిరగడం లేదు. ఒక్కొక్కరి దగ్గర ఆగి ముఖం చూస్తోంది, బొటనవేలితో గాలిలో ఏదో చింపుతోంది. నేను అడ్డంగా ఉన్నానని నన్ను పక్కకు నెట్టింది.

"జర జరుగమ్మా. ఎన్క సగం మందికి టికెట్లు కాలే. స్టేజి దాటితే చెకింగోళ్లు ఎక్కుతరు. నా నౌకరి పోతది."

ఆమె గొంతులో ఉన్నది పిచ్చి కాదు, భయం. కూతురు నౌకరి ఉంటుందో ఊడుతుందో అని నేను తల పట్టుకుంటే, తల్లి రోజూ రెండు పూటలా తన నౌకరి కోసం కొట్టుకుంటోంది. పైగా టికెట్లు కాకముందే బండి ఉరికించి, ఆమెను బెల్టుతో కట్టేస్తున్నది మేము. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి.

ఇంటి దగ్గర దింపినప్పుడు స్వరూపను అడిగాను, బస్సులో మంది ఎక్కువుంటే అమ్మ ఎలా చేసేదని.

"గ్రౌండ్ బుకింగ్ చేసేది మేడం," అంది. అంటే స్టాపులోనే, బండి ఆగి ఉండగానే టికెట్లు ఇచ్చెయ్యడం. "అందరియి అయినంకనే రైట్ అనేది. డ్రైవర్లు తిట్టుకునేటోళ్లు. అయితే గని, అప్పుడు హాయిగ సీట్ల కూసునేది."

హాయిగా సీట్లో కూర్చునేది! నాకు కావలసింది సరిగ్గా అదే.

మర్నాడు, మా సెంటర్‌కు రోజూ వచ్చే సుబ్బారావుగారికి సంగతి చెప్పాను. ఆయనది గుంటూరు వైపు, ఏఎస్ రావు నగర్లో కొడుకు దగ్గర ఉంటారు, గుమాస్తాగా రిటైరయ్యారు. సాంబారు దగ్గర్నుంచి ఫ్యాను దాకా ఆయన వంక పెట్టని వస్తువు మా సెంటర్లో లేదు. ఇది వ్యానా, నాటకాల కంపెనీయా అని గొణిగారు. మధ్యాహ్నం చూస్తే కత్తెర పట్టుకుని పాత క్యాలెండర్‌ను టికెట్లుగా కత్తిరిస్తున్నారు.

సాయంత్రం అందరూ ఎక్కాక, శంకర్ ఇంజను ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. యాదమ్మగారి భుజానికి ఒక గుడ్డ సంచీ తగిలించి, చేతిలో టికెట్లు పెట్టాను. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆమె నడుం నిటారైంది. ఒక్కో సీటు దగ్గర ఆగి ఎక్కడికని అడిగి, చించి ఇచ్చింది. ఆడవాళ్లకు ఫ్రీ కదా అని ఒకావిడ ఆటపట్టించబోతే, ఫ్రీ అయినా టికెట్ చేతిలో ఉండాలని గట్టిగానే చెప్పింది. సుబ్బారావుగారు ఊరుకుంటారా?

"చిల్లర ఇవ్వలేదమ్మా," అన్నారు.

"దిగేటప్పుడు తీస్కో," అందామె, వెనక్కి తిరిగి చూడకుండా.

వ్యానంతా నవ్వులు. చివరి సీటు అయ్యాక ఆమె ముందుకొచ్చి నా పక్కన కూర్చుంది. నేను బెల్టు పెడుతుంటే చెయ్యి ఎత్తి సాయం కూడా చేసింది. "రైట్, డ్రైవరన్నా," అంది. పీర్జాదిగూడ దాకా లేవలేదు.

వారం గడిచింది. ట్రస్టు పెద్దాయన ఒకరోజు చూద్దామని వ్యాను ఎక్కి, నారపల్లికి టికెట్ తీసుకుని దిగారు. మా వ్యాను నారపల్లి పోదు, అయినా ఆమె ఇచ్చింది. స్వరూపకు నేను చెప్పాల్సిన మాట ఏదీ లేకుండా పోయింది. పొద్దున ట్రిప్పులో ప్రతి స్టాపులో కాస్త ఆలస్యమయ్యేది. శంకర్ మొదట్లో సణిగాడు. తర్వాత, "కండక్టరమ్మ రైట్ అననిది నేనెట్ల తీస్త?" అని వెనకనుంచి హారన్ కొట్టేవాళ్లతోనే గొడవ పెట్టుకునేవాడు.

అప్పటినుంచి సెంటర్లో ఎవరు చేరినా, ఏ జబ్బు అని అడిగే ముందు ఏం పని చేసేవారని అడుగుతున్నాను. ఈ కేసు నాకు నేర్పింది అదే.

జబ్బు మాత్రం ఆగలేదు. పోయిన చలికాలానికి ఆమె వ్యానులో లేవడం మానేసింది, మాటలూ పోయాయి. స్వరూపను కూడా గుర్తుపట్టడం లేదు. అయినా టికెట్లు ఆపుదామని వ్యానులో ఎవరికీ మనసు రాలేదు. సంచీ సుబ్బారావుగారి భుజానికి మారింది. ఆయన అందరికీ ఇచ్చి, చివర్న ఆమె చేతిలో కూడా ఒకటి పెట్టేవారు. ఆమె దాన్ని ఒళ్లో పడేసుకుని కిటికీలోంచి చూస్తూ ఉండేది.

ఒక సాయంత్రం ఆయన మామూలుగా టికెట్ చాపారు. యాదమ్మగారు ఆ కాగితం వైపు చూసింది. తర్వాత ఆయన సంచీ వైపు చూసింది. ఆయన చేతిని మెల్లగా వెనక్కి నెట్టింది. బస్సుల్లో పనిచేసినవాళ్లు, తమను ఎవరైనా టికెట్ అడిగితే చెప్పే మాట ఒకటే ఉంటుంది.

"స్టాఫ్," అంది.

వ్యానులో ఎవరూ నవ్వలేదు. "క్షమించండి మేడం, చూసుకోలేదు," అన్నారు సుబ్బారావుగారు. కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయారు. శంకర్ అద్దంలో మావైపు చూస్తూ ఎదురు చూస్తున్నాడు. రైట్ అనాల్సిన సుబ్బారావుగారు ఇంకా కళ్లజోడు తుడుస్తూనే ఉన్నారు. ఆ రోజు రైట్ నేను చెప్పాను.