దానియేలు దిగని గుట్ట

కొత్తకోటలో నలభై ఆరేళ్లు సైకిల్ దుకాణం నడిపిన యోహానును నేను. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి వరకే, లెక్కల్లో మాత్రం బడి మొత్తానికి మొదటివాణ్ణి. లారీ టైరు రబ్బరు కోసి రిక్షాలకు బ్రేకు కట్టలు చేసింది ఈ చుట్టుపక్కల ముందుగా నేనే. ఒక్క రోజులో నలభై రెండు సైకిళ్లు బాగుచేశాను. పంతొమ్మిది మందికి పని నేర్పాను. వాళ్లలో బాగా నేర్చినవాడు దానియేలు. పదకొండేళ్లు మా ఇంట్లో తిన్నాడు. వాడి పెళ్లికి పెద్దమనిషిగా నిలబడ్డాను. ఇప్పుడు హైవే పక్కన వాడిదే పెద్ద దుకాణం. బోర్డు మీద తన పేరు కింద ‘యోహాను ఉస్తాద్ శిష్యుడు’ అని రాయించుకున్నాడు. జనం అది చూసే వాడి దగ్గరికి పోయేవారు.

నా దుకాణంలో ఒక కట్టుబాటు ఉండేది. బ్రేకు బిగించినవాడే ఆ బండి ఎక్కి ముందుగా ఊరి పక్క గుట్ట దిగాలి, ఆ తర్వాతే బండి ఇవ్వాలి. నేను జ్వరంతో కూడా దిగాను.

నా కూతురు ప్రేమలత లింగాల దగ్గర ఆరోగ్య కార్యకర్త. గుట్టల మీది గూడేలకు టీకాల పెట్టె తీసుకుపోవాలి. అందుకని నిరుడు బ్యాటరీతో నడిచే మౌంటెన్ సైకిల్ కొన్నది. ఎక్కడం సుఖమే, దిగడమే భయం. దాని బ్రేకులు తీగతో లాగేవి. బ్యాటరీ, మోటరు, పెట్టె, మనిషి, ఇంత బరువుకు ఆ తీగ సాగిపోయేది.

“నాయినా, రెండు చేతుల్తోని పిసికినా ఆగుత లేదు,” అన్నది.

కొత్త బ్రేకులు నేనే ఎంచాను. హైదరాబాదు దుకాణాలకు వారం రోజులు ఫోన్లు చేశాను. ఆయిల్‌తో పనిచేసేవి, చక్రానికి నాలుగు పిస్టన్లవి అడిగాను. దిగుడులో బరువంతా ముందుకే వస్తుంది గనుక ముందు చక్రానికి పెద్ద డిస్కు. వేడికి తట్టుకునే లోహపు ప్యాడ్లు. బ్రేకు పట్టగానే మోటరును ఆపే వైరు చేత్తో పట్టే లివర్‌లోనే ఉందా అంటే, అమ్మేవాడే “ఆగండి, కనుక్కుంటా” అన్నాడు.

బిగించడానికి మాత్రం నా చేతులు వణుకుతాయి. ఆయిల్‌లో గాలి బుడగ మిగిలితే బ్రేకు మెత్తబడుతుంది. అందుకే బండిని దానియేలుకు అప్పగించాను. కొత్త ప్యాడు, కొత్త డిస్కు జత కుదరాలంటే వేగంగా పోతూ ఇరవై సార్లు బ్రేకు పట్టాలని కూడా చెప్పి వచ్చాను.

మర్నాడు పోతే బండి సిద్ధంగా ఉంది.

“గుట్ట దిగినవా?” అని అడిగాను.

“దిగిన ఉస్తాద్. ఇరవై సార్లు పట్టి చూసిన. మీ బిడ్డ బండి, దిగకుంట ఇస్తనా?”

బండిని ఆటోలో లింగాల చేర్చాను. సోమవారం ప్రేమలత గుట్ట ఎక్కి, తిరిగి దిగుతుంటే మలుపు దగ్గర లివర్ గట్టిగానే ఉన్నా బండి నిలవలేదు. మట్టి గట్టుకు ఒరిగించి ఆపింది. ఎడమ మణికట్టు విరిగింది. టీకాల పెట్టె పగలలేదు, దవాఖానలో నాకు మొదట అదే చెప్పింది.

డిస్కులు చూశాను. ఇరవై సార్లు పట్టిన డిస్కు మీద ప్యాడు రాసుకున్న మసక పట్టీ చుట్టూ పడుతుంది. వీటి మీద నాలుగు గీతలు తప్ప డబ్బాలోంచి తీసినప్పటి మెరుపే ఉంది. ముందు చక్రం డిస్కు విప్పి తీసుకుపోయి దానియేలు బల్ల మీద పెట్టాను.

“దిగినవా?”

“దిగిన ఉస్తాద్.”

“గిది చూసి చెప్పు.”

చూశాడు. ఇనుమును చదవడం వాడికి నేర్పింది నేనే.

“స్టాండ్ మీద తిప్పి చూసిన, మంచిగనే పట్టింది. గిప్పుడు గుట్టలెవలు దిగుతున్రు ఉస్తాద్?”

“ఎప్పటి సంది దిగుత లేవు?”

“దుకాణం పెట్టినప్పటి సంది.”

పద్నాలుగేళ్లు. నా పేరు చూసి వచ్చినవాళ్ల బండ్లన్నీ అట్లాగే పోయాయన్నమాట. పని చెడగొడితే తిట్టి సరిచేసేవాణ్ణి. కానీ వీడు నా మొహం చూస్తూ ‘దిగిన’ అన్నాడు, అదీ రెండుసార్లు.

“దిగలే అని ఒక్క మాట చెప్తే నేనే దిగుదును గదరా.”

“అరవై తొమ్మిదేండ్లకు మీరేం దిగుతరు,” అని నవ్వబోయి మానుకున్నాడు.

ఆ వారమే లింగాల పోయి డిస్కు తిరిగి బిగించి, బండి ఎక్కి ఇరవై సార్లు నేనే బ్రేకు పట్టాను. పదిహేడోసారికి బండి గీత గీసినట్టు ఆగింది.

తర్వాత కొత్తకోట తిరిగి వచ్చి దానియేలును నిచ్చెన అడిగాను. బోర్డు మీద నా పేరు చెరిపేయాలన్నాను. దానియేలు రంగు డబ్బా, కుంచె తనే తెచ్చి ఇచ్చాడు. నేనెక్కితే నిచ్చెన కూడా పట్టుకున్నాడు, నేను నేర్పినట్టే, కాలు అడ్డం పెట్టి, రెండు చేతులతో.